మనిషికో కాపరి: కొత్త సంఘాల ‘పర్యవేక్షణ’ సేవ మీద సమీక్ష

కొత్తగా మొదలైన క్రైస్తవ సంఘంలో చేరినవాళ్ళకి మొదటి నెలలోనే దొరికే సేవ ఒకటుంది. ప్రార్థన చేస్తున్నారా, అప్పులు ఎంతవరకు తీరాయి, పెళ్ళి సంబంధం ఎక్కడిదాకా వచ్చింది, భార్యాభర్తలు ఎందుకు మాట్లాడుకోవట్లేదు అని పేరుపేరునా అడిగే ఒక మనిషి. పాత సంఘాల్లో ఇది కరువు. రిజిస్టరులో వేలమంది పేర్ల మధ్య మీ పేరు ఎక్కడో ఉంటుంది, పాస్టరుగారు మీ ఇంటి గుమ్మం తొక్కేది గృహప్రవేశానికో, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో. కాబట్టి ఈ సేవకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఉండడం న్యాయం కూడా.

పట్టించుకోవడం పెత్తనంగా మారినప్పుడు ఫిర్యాదులు మొదలవుతాయి. ఈ సేవని ముందే వాడి చూసిన మూడు పేరుమోసిన ఉద్యమాలున్నాయి: ప్లిమత్ బ్రదరెన్, ఫోర్ట్ లాడర్‌డేల్ షెపర్డింగ్ (అంటే కాపరుల) ఉద్యమం, బోస్టన్ శిష్యత్వ ఉద్యమం. మూడూ పాత సంఘంలో నిజంగా ఉన్న జబ్బుని చూసి పుట్టినవే. మూడింట్లోనూ మొదట్లో ఉన్నవాళ్ళు మోసం చెయ్యడానికి బయలుదేరినవాళ్ళు కారు. అన్నిట్లోనూ చెడింది ఒకే భాగం. పైనున్నవాడి మీద ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి, వాళ్ళు వినకపోతే ఇంకెవరికి చెప్పాలి, ఆ మనిషిని దింపే దారి ఏది? మొదటి ఉత్సాహంలో ఆ భాగం అక్కర్లేదనిపిస్తుంది. ప్రేమ ఉన్నచోట నియమావళి ఎందుకంటారు.

బిషప్పు లేని బల్ల

1820ల చివర్లో డబ్లిన్‌లో కొంతమంది ఇళ్ళలో కూడి రొట్టె విరవడం (ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకునే ఆచారం) మొదలుపెట్టారు. అప్పటి ప్రభుత్వ సంఘమైన ఆంగ్లికన్ చర్చి పద్ధతిలో గురువు లేనిదే బల్ల లేదు. గురువు మీద బిషప్పు చేతులుంచాలి, ఆ బిషప్పుల నియామకంలో ప్రభుత్వం చెయ్యి ఉండేది. వీళ్ళు ఆ నిచ్చెన మొత్తాన్ని తీసేశారు. విశ్వాసులు ఎక్కడ కూడితే అక్కడ బల్ల ఉంటుంది, ఎవరికి ప్రేరేపణ కలిగితే వాళ్ళు లేచి మాట్లాడతారు. ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరుగా బాగా సంపాదిస్తూ అదంతా వదులుకున్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ఐర్లండ్ చర్చిలో గురువు పని మానుకుని వచ్చిన జాన్ నెల్సన్ డార్బీ వాళ్ళలో ముఖ్యులు. 1830ల మొదట్లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో పెద్ద కూటం ఏర్పడింది, చివరికి ఆ ఊరి పేరే అందరికీ అంటుకుంది.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఈ పేర్లు పరాయివి కావు. గ్రోవ్స్ 1836లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ వెంటబెట్టుకొచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతోనే గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల బ్రదరెన్ సంఘాలకి మూలం అదే. గ్రోవ్స్ మాత్రం చిత్తూరులో కాపురం పెట్టి, వ్యవసాయం చేసుకుంటూ మిషన్ నడపాలని చూశాడు.

ఆ ప్రయాణానికి ముందు, 1836 మార్చిలో, ఆయన డార్బీకి రాసిన ఉత్తరం ఈ సేవ మీద వచ్చిన మొదటి ప్రతికూల సమీక్ష అనుకోవచ్చు. ఉద్యమానికి అప్పటికి పట్టుమని పదేళ్ళు లేవు. మీ పరిపాలనలో మనుషుల అధికారమే బరువుగా తెలిసే రోజు త్వరలోనే వస్తుందని, మీరు దేని పక్షాన నిలబడ్డారో చూసి కాక దేన్ని ఖండిస్తున్నారో చూసి జనం మిమ్మల్ని గుర్తుపడతారని అందులో హెచ్చరించాడు. రాసినవాడు శత్రువు కాదు, మొదటినుంచీ కూడా ఉన్న స్నేహితుడు.

1845లో ప్లిమత్‌లో అక్కడి కూటం నాయకుడు బెంజమిన్ న్యూటన్‌తో బోధన మీదా పెత్తనం మీదా తగాదా వచ్చి డార్బీ వేరే బల్ల పెట్టాడు. 1848లో బ్రిస్టల్‌లోని బెతెస్ద సంఘం (అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ ఉన్న సంఘం) న్యూటన్ వైపు నుంచి వచ్చినవాళ్ళని చేర్చుకుంది. బెతెస్దనే కాదు, బెతెస్దతో సహవాసం ఉన్నవాళ్ళని కూడా దూరం పెట్టాలని డార్బీ సంఘాలకి సర్క్యులర్ పంపాడు. అక్కడినుంచి రెండు పాయలు: ఆ మాట వినని ఓపెన్ బ్రదరెన్, విన్న ఎక్స్‌క్లూజివ్ బ్రదరెన్.

ఎక్స్‌క్లూజివ్ పాయ నడిచే సూత్రాన్ని కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే నాయకుడే ఉండకూడదన్న చోట మహానాయకుడు ఎలా పుట్టాడన్నది అందులోనే ఉంది. ఒక ఊరి కూటం ఒకణ్ణి వెలివేస్తే, ఆ తీర్పు అన్ని ఊళ్ళ కూటాలనీ కట్టిపడేస్తుంది. వినడానికి బాగానే ఉంది. ఒక ఊళ్ళో వెలివేసినవాణ్ణి పక్క ఊళ్ళో చేర్చుకుంటే క్రమశిక్షణకి అర్థమేముంటుంది? కానీ రెండు కూటాలు ఒకదాని తీర్పుని ఒకటి తప్పంటే? సినడు (సంఘాలన్నిటి మీదా ఉండే పెద్దల సభ) లేదు. బిషప్పు లేడు. ఓటు లేదు, ఎందుకంటే ఓటు లోకరీతి. మిగిలేది ఒక్కటే, అందరూ గౌరవించే ఒక పెద్దమనిషి ఏమంటాడో ఉత్తరం రాసి కనుక్కోవడం. ఒకసారి కనుక్కున్నాక రెండోసారి అది ఆనవాయితీ అవుతుంది, మూడోసారికి ఆయన మాట తోసెయ్యడం ఆత్మని తోసెయ్యడమవుతుంది. పదవికి పేరు లేదు కాబట్టి దానికి కాలపరిమితి లేదు, హద్దు లేదు, రాజీనామా కూడా లేదు.

1882లో డార్బీ పోయాక ఆ పేరులేని పదవి చేతులు మారుతూ వచ్చింది. 1959లో న్యూయార్కుకి చెందిన జేమ్స్ టేలర్ జూనియర్ చేతికొచ్చేసరికి, సహవాసంలో లేనివాళ్ళతో కలిసి భోంచెయ్యకూడదన్న ఆజ్ఞ వెలువడింది. ఆజ్ఞ ఎంత చిన్నదో చూడండి, వంటింట్లోకి దిగేసరికి ఏమైందో చూడండి. భర్త సహవాసంలో ఉండి భార్య లేకపోతే ఇద్దరికీ ఒకే బల్ల దగ్గర అన్నం లేదు. వృత్తి సంఘాల్లో సభ్యత్వం వద్దన్నారు కాబట్టి అది తప్పనిసరైన వృత్తులవాళ్ళు ఉద్యోగమో సహవాసమో తేల్చుకోవాల్సి వచ్చింది. 1970 జులైలో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో టేలర్ ప్రవర్తన పెద్ద గొడవైంది. చూసినవాళ్ళు, అంటే అబర్డీన్ కూటంలో దాదాపు అందరూ, విడిపోయారు. చూడని దేశదేశాల వాళ్ళలో ఎక్కువమంది ఆయనతోనే ఉండిపోయారు. మిగతా కూటాల దాకా ఒక సాక్ష్యం చేరడానికి దారి లేని ఏర్పాటులో కళ్ళతో చూసినవాడి మాటకి ఉండే విలువ అంతే.

ఇదే పాయ ఇప్పుడు ప్లిమత్ బ్రదరెన్ క్రిస్టియన్ చర్చి పేరుతో ఉంది. 2012లో, ధార్మిక సంస్థల్ని నమోదు చేసే ఇంగ్లండ్ చారిటీ కమిషన్ వాళ్ళ ట్రస్టు ఒకదానికి, ప్రెస్టన్ డౌన్ ట్రస్టుకి, రిజిస్ట్రేషన్ నిరాకరించింది. వాళ్ళు ట్రస్టు డీడు సవరించి, క్రమశిక్షణ ఎలా అమలుచెయ్యాలో, వెళ్ళిపోయినవాళ్ళతో ఎలా మెలగాలో అందులో రాసుకున్నాక 2014 జనవరిలో ఒప్పుకుంది. తరతరాలుగా లోపలివాళ్ళ కన్నీళ్ళు చేయించలేని సవరణ, చారిటీ హోదా, దాంతో వచ్చే పన్ను రాయితీ పోతాయనేసరికి రెండేళ్ళలో అయిపోయింది.

ఎక్స్‌క్లూజివ్ పద్ధతికి అయిదుకి ఒకటి. ఓపెన్ పద్ధతికి మూడున్నర. ఓపెన్ సంఘాల్లోనూ పెద్దలు ఎన్నికవరు, ఒకసారి పెద్దయినవాడు మంచం పట్టేదాకా పెద్దే. కానీ ఏ ఊరి సంఘం ఆ ఊరిదే, అందుకని చెడినా ఆ చెరుపు ఊరు దాటదు, పక్క ఊరి సంఘానికి వెళ్ళి ఊపిరి పీల్చుకోవచ్చు.

అయిదుగురు టీచర్లు, ఒక పత్రిక

1970 నాటి కరిస్మాటిక్ ఉద్యమం (పరిశుద్ధాత్మ వరాలకి పెద్దపీట వేసేది) ఎలా ఉందంటే, టేపులు తిరుగుతున్నాయి, సభలు నడుస్తున్నాయి, పాతిక ఊళ్ళు తిరిగే బోధకుడికి పైన ఎవరూ లేరు. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో న్యూ వైన్ అనే పత్రిక నడిపే సంస్థకి నాయకుడు నైతికంగా పడిపోయాడు. సరిదిద్దడానికి పిలిపించిన నలుగురు టీచర్లు, బాబ్ మమ్‌ఫర్డ్, డెరెక్ ప్రిన్స్, చార్ల్స్ సింప్సన్, డాన్ బాషమ్, తమ పరిస్థితీ ఇంతేనని గ్రహించి ఒకరికొకరు జవాబుదారీగా ఉంటామని మాటిచ్చుకున్నారు. ప్రిన్స్ మన బెంగళూరులో 1915లో పుట్టినవాడు, కేంబ్రిడ్జిలో తత్వశాస్త్రం చదివినవాడు. 1974లో ఎర్న్ బాక్స్‌టర్ కూడా కలిశాడు. సంస్కరణ అవసరమేనని ఇక్కడ ఎవరూ కాదనలేరు. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని బోధకులే అప్పటి జబ్బు.

మందు ఇలా తయారుచేశారు. ప్రతి విశ్వాసికీ ఒక కాపరి ఉంటాడు. చేరేవాడు ఒకణ్ణి కాపరిగా ఒప్పుకుని అతనితో నిబంధన (ఒప్పందం) చేసుకుంటాడు, వారం వారం ఇంటి కూటంలో కలుస్తాడు. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు కొనాలన్నా, పెళ్ళి కుదుర్చుకోవాలన్నా ముందు కాపరితో చెబుతాడు. దశమభాగం (ఆదాయంలో పదోవంతు) సంఘం పెట్టెలో వెయ్యడు, తన కాపరి చేతికి ఇస్తాడు. ఆ కాపరికి మళ్ళీ ఒక కాపరి, అతనికి ఇంకొకడు, అలా వెళ్ళి వెళ్ళి అయిదుగురి దగ్గర ఆగుతుంది. దీనికి వాడిన మాట ‘కవరింగ్’, అంటే పైనున్నవాడి నీడ. ఇప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో స్వతంత్ర సంఘాల పాస్టర్లు ‘మీ కవరింగ్ ఎవరు బ్రదర్’ అని అడుగుతుంటే వినిపించేది ఆ మాటే.

డబ్బు దారి చూస్తే మిగతాది అర్థమవుతుంది. లెక్క కోసం మన రూపాయల్లో అనుకుందాం. పదిమంది, ఒక్కొక్కరి ఆదాయం నెలకి 50,000. దశమభాగాలు కలిపితే 50,000. అంటే పదిమందిని చూసుకునే కాపరికి వాళ్ళలో ఒకడి జీతమంత వస్తుంది. అందులో పదోవంతు, 5,000, అతను తన పై కాపరికి ఇస్తాడు. పైవాడి కింద అలాంటి కాపరులు పదిమంది ఉంటే అతనికీ 50,000. చక్కగా అమరిన లెక్క, ఎక్కడా దొంగతనం లేదు. ఇప్పుడు ఆ పదిమందిలో ఇద్దరు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని, వెళ్ళొచ్చా అని కాపరిని అడిగారనుకోండి. సలహా ఇవ్వాల్సిన మనిషికి ఆ సలహా మీద నెలకి 10,000 ఆధారపడి ఉంది. ‘దేవుని చిత్తం కనిపెట్టు తమ్ముడూ, తొందరపడకు’ అన్న మాట నిజంగా ప్రార్థన చేసి అన్నదో, ఇంటి అద్దె గుర్తొచ్చి అన్నదో అతనికే తెలియదు. ప్రతి గుంపులోనూ ఇలాగే జరిగిందని కాదు, వేరే ఉద్యోగం చేసుకుంటూ కాపరి పని చేసినవాళ్ళూ ఉన్నారు. కానీ సలహాదారు జీతం సలహా తీసుకునేవాడి జేబులోంచే నేరుగా వచ్చే ఏర్పాటు ఏ వృత్తిలోనైనా చెడుతుంది.

ఇంకో లోపం వేగం. అయిదుగురూ బోధకులే, వాళ్ళ పత్రిక, టేపులు దేశమంతా వెళ్ళాయి. నలభై ఏళ్ళ అనుభవమున్న బాక్స్‌టర్ ‘లోబడండి’ అనడం వేరు. ఆ టేపు విని కిందటి నెలలో కాపరి అయిన పాతికేళ్ళ కుర్రాడు అదే మాట ముగ్గురు పిల్లల తల్లితో అనడం వేరు. మనిషికో కాపరి కావాలంటే కాపరులు వందల్లో, వేలల్లో కావాలి, అంతమంది పండినవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు? శిక్షణకి ఇంత కాలమని లేదు, తప్పు చేసిన కాపరిని పక్కన పెట్టే పద్ధతి లేదు. కాపరి మీద ఫిర్యాదు ఉంటే ఆ కాపరి పై కాపరికే చెప్పాలి. ఆ పై కాపరి రాబడిలో కొంత ఈ కాపరి నుంచే వస్తుంది.

1975లో అమెరికా టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ తన టీవీ సంస్థ నుంచి వీళ్ళ బోధని నిషేధించాడు. ఆ ఏడే ఆగస్టులో మినియాపొలిస్‌లోని కర్టిస్ హోటల్లో వీళ్ళూ, వీళ్ళని తప్పుపట్టినవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుంటే రాజీ కుదరలేదు. 1976లో అయిదుగురూ తమ బోధ వల్ల ఇబ్బందులు వచ్చినందుకు చింతిస్తున్నామని ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఆ తర్వాత కూడా నిచ్చెన అలాగే ఉంది, దశమభాగం దారి అలాగే ఉంది. బాధపడినవాళ్ళకి క్షమాపణ దొరికింది, ఫిర్యాదు పెట్టుకునే చోటు మాత్రం దొరకలేదు. ఇంకో పదేళ్ళు నడిచింది. 1980ల మధ్యలో ప్రిన్స్ విడిపోయాడు. 1986 చివర్లో మిగిలినవాళ్ళు తమ బంధాన్ని రద్దు చేసుకున్నారు, పత్రిక ఆగిపోయింది. మమ్‌ఫర్డ్ 1989లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఇది ఆయన ఖాతాలో వెయ్యాల్సిన మంచి, చాలామంది నాయకులు ఆ పని కూడా చెయ్యరు.

ఆలోచనకి మూడు, అమలుకి ఒకటి. సగటు తియ్యదలుచుకోలేదు.

బోస్టన్ నమూనా, లేదా అంకెల మీద నడిచే ప్రేమ

దీని పూర్వరంగం క్లుప్తంగా. అమెరికాలో చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ అనే సంఘాలకి కేంద్ర కార్యాలయం ఉండదు, ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. ఆ సంఘాల్లో సభ్యులు నిద్రపోతున్నారని గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా యూనివర్సిటీ విద్యార్థుల మధ్య ఒక కదలిక వచ్చింది. అక్కడ బాప్తిస్మం పొందిన కిప్ మెకీన్ 1979లో బోస్టన్ పక్కనున్న లెక్సింగ్టన్‌లో 30 మందితో మొదలుపెట్టాడు. 2002 నాటికి ప్రపంచమంతటా లక్షా ముప్ఫై వేల పైచిలుకు సభ్యులు. మన దేశపు పెద్ద నగరాల్లోనూ సంఘాలు లేచాయి. కులం, భాష, డబ్బు తేడా లేకుండా జనాన్ని ఒక్కచోట కూర్చోబెట్టడంలో ఈ ఉద్యమం పాత సంఘాలు సిగ్గుపడేంత చేసింది.

సేవ అందే పద్ధతి ఇది. చేరబోయేవాడికి ఒక వరుస ప్రకారం బైబిలు పాఠాలు చెబుతారు. మధ్యలో వెలుగు చీకట్ల పాఠం దగ్గర తన పాపాలు ఒక్కొక్కటే కాగితం మీద రాయమంటారు. బాప్తిస్మం తర్వాత ఒక శిష్యత్వ భాగస్వామిని కేటాయిస్తారు. ఎవర్నన్నది మీరు కోరుకునేది కాదు, నాయకుడు నిర్ణయించేది. వారానికి ఒకసారైనా కలవాలి. పాపాల ఒప్పుకోలు, సలహా, వచ్చే వారం చెయ్యాల్సినవి ఉంటాయి. ఎంతమందిని కూటానికి పిలిచారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని పాఠాలు నడుస్తున్నాయి అన్న అంకెలు వారం వారం పైకి వెళ్తాయి. మామూలు కానుక కాక, మిషన్ల కోసం ఏడాదికోసారి వారపు కానుకకి ఎన్నో రెట్లు ప్రత్యేక కానుక ఉంటుంది.

చెడేది ఎక్కడో వరుసగా చూస్తే తెలుస్తుంది. ఒప్పుకోలు కోసం చెప్పిన మాటకి గోప్యత నియమం లేదు. మాజీ సభ్యుల ఫిర్యాదుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే, స్నేహితుడికి చెప్పుకున్న పాపం నాయకుడి నోట మళ్ళీ వినడం. క్యాథలిక్ గురువు ఒప్పుకోలు బయటపెడితే అతనికి శిక్ష ఉంది, ఇక్కడ పైకి చెప్పకపోతే తప్పు. రెండోది అంకెలు. పైనున్నవాడికి కనిపించేది అంకె, అంకె తగ్గితే అడిగేది కిందివాణ్ణి, కిందివాడు అడిగేది ఇంకా కిందివాణ్ణి. అలిసిపోయానన్న మాట ఆ కాగితంలో ఏ గడిలోనూ పట్టదు, అందుకని అది ‘హృదయం సరిగా లేదు’ అన్న గడిలో పడుతుంది. మూడోది, ‘ఒక ఊరికి ఒకే సంఘం, అది మనదే’ అన్న బోధ. అది నమ్మినవాడికి సంఘం మానెయ్యడమంటే రక్షణ మానెయ్యడమే. దుకాణం మార్చే అవకాశమే లేని కొనుగోలుదారుడికి ఏ దుకాణమూ మర్యాద చెయ్యదు.

ఈ ఉద్యమానికి ఒక విషయంలో అదనపు మార్కులు. 2002 చివర్లో మెకీన్ పదవి వదులుకున్నాడు. 2003 ఫిబ్రవరిలో లండన్‌లోని నాయకుడు హెన్రీ క్రీట్ రాసిన పొడవాటి బహిరంగ ఉత్తరం ఈమెయిళ్ళలో దేశదేశాలు తిరిగింది. పెత్తనం, అంకెల పిచ్చి, డబ్బు ఒత్తిడి అన్నీ లోపలి మనిషే రాశాడు. పై అంచెలు కూలిపోయాయి, చాలాచోట్ల నాయకులు సభ ముందు నిలబడి క్షమాపణ అడిగారు, భాగస్వాముల్ని కేటాయించే పద్ధతిని చాలా సంఘాలు వదిలేశాయి. సభ్యులు బాగా తగ్గారు. 2006లో స్వతంత్ర సంఘాలు ఇష్టపడి సహకరించుకునే పద్ధతికి వచ్చారు. అంటే ఏ స్వతంత్ర పద్ధతిని పనికిరాదని ఒకప్పుడు పక్కన పెట్టారో దాదాపు దానికే. మెకీన్ మాత్రం విడిపోయి పాత నమూనాతో మళ్ళీ కొత్త సంఘం పెట్టాడు. ఎవరైనా ఈ సేవ మీకు ఇప్పుడు అందిస్తే, అది 2003 ముందుదా తర్వాతదా అని అడగడం పిచ్చి ప్రశ్న కాదు.

నియమావళి ఉందంటే సరిపోదు

ఇంతవరకు చూసినవాటిలో రాతపూర్వక పద్ధతి లేకపోవడమే తప్పనిపిస్తే సియాటిల్‌లోని మార్స్ హిల్ సంఘం చూడాలి. 1996లో మొదలైన ఆ సంఘానికి నియమావళి ఉంది, పెద్దలున్నారు, పెద్దల సభ ఉంది. 2007లో ఆ నియమావళిని మార్చి అధికారాన్ని కొద్దిమంది చేతిలో పెట్టే ప్రతిపాదన వచ్చింది. అభ్యంతరం చెప్పిన ఇద్దరు పెద్దల్ని తీసేశారు. ఆ మార్పు తర్వాత పాస్టరు మార్క్ డ్రిస్కాల్‌కి ఎదురు చెప్పగల పెద్దలు ఎందరున్నా, ఎదురు చెప్పే చోటు లేకపోయింది. 2014లో 21 మంది మాజీ పాస్టర్లు కలిసి అధికారికంగా ఫిర్యాదు పెడితే, ఆ అక్టోబరులో ఆయన రాజీనామా చేశాడు. ఏడాది తిరక్కుండానే వేలమంది వచ్చే సంఘం మూతపడి, దాని శాఖలు కొన్ని వేర్వేరు సంఘాలుగా మిగిలాయి.

కాబట్టి నియమావళిలో మొదట చదవాల్సింది విశ్వాస ప్రకటన కాదు, అది ఎక్కడైనా బాగానే ఉంటుంది. ‘సవరణలు’ అన్న పేరా చదవండి. ఈ కాగితాన్ని ఎవరు, ఎంతమంది ఓటుతో, ఎన్ని రోజుల నోటీసుతో మార్చగలరు అన్నది అక్కడుంటుంది.

మన దగ్గర చేరేవాళ్ళు అడగాల్సినవి

ఆంధ్ర, తెలంగాణల్లో స్వతంత్ర సంఘాలు ఎక్కువగా సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరవుతాయి. రెంటికీ చాలా తేడా ఉంది. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి ఇవ్వాలి, గొడవొస్తే జిల్లా కోర్టుకి వెళ్ళే దారి ఉంది. కానీ ఆదివారం వచ్చే ఐదొందలమందీ సొసైటీ సభ్యులని అనుకోకండి. చట్టం దృష్టిలో సభ్యులు ఆ ఏడుగురే అయి, వాళ్ళలో నలుగురు పాస్టరుగారి ఇంటివాళ్ళే కావచ్చు. సభ్యత్వ రిజిస్టరులో మీ పేరుందా అని అడగండి. ట్రస్టయితే డీడు కాపీ అడిగి మూడు వాక్యాలు వెతకండి: వ్యవస్థాపక ట్రస్టీ జీవితాంతం ఉంటాడా, తర్వాతివాణ్ణి తానే రాసిపెట్టుకోవచ్చా, మిగతా ట్రస్టీలని తీసేసే అధికారం ఆయనకుందా. మూడింటికీ అవునని ఉంటే అక్కడ పెద్దల సభ అన్నది మర్యాదకి పెట్టిన పేరు. పబ్లిక్ ట్రస్టు విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, సంబంధం ఉన్న ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతి తీసుకుని, లెక్కలు చూపించమని, ట్రస్టీని తొలగించమని దావా వెయ్యవచ్చు. ఏళ్ళు పడుతుంది, కానీ దారి ఉంది.

బోధలో కూడా ఒక పరీక్ష పెట్టవచ్చు. నాయకుల మాట విని లోబడి ఉండమనే హెబ్రీ 13:17 ఏడాదిలో ఎన్నిసార్లు వినిపించింది? పెద్ద మీద ఇద్దరు ముగ్గురు సాక్షులతో ఫిర్యాదు వస్తే వినాలని, తప్పు తేలితే అందరి ఎదుటా గద్దించాలని చెప్పే మొదటి తిమోతి 5:19, 20 ఎన్నిసార్లు వినిపించింది? అభిషిక్తుణ్ణి ముట్టకూడదన్న మాట పాస్టరుగారి గురించే వాడుతున్నారా, బాప్తిస్మం పొందిన ప్రతివాళ్ళ గురించా?

వ్యక్తిగత సలహా ఇచ్చేవాళ్ళు ఉండడం మంచిదే, దాన్ని వదులుకోమనడం లేదు. మీ సలహాదారుని మీరే ఎంచుకోగలిగితే, కారణం చెప్పకుండా మార్చుకోగలిగితే, మీ కానుకతో ఆయన రాబడికి సంబంధం లేకపోతే, చెప్పిన మాట ఎవరికి చెబుతారో, ఎవరికి చెప్పరో ముందే చెబితే ఈ సేవకి అయిదుకి నాలుగు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. అలాంటి సంఘాలు ఉన్నాయి. అవి గోడ మీద బ్యానర్లు కట్టుకోవు కాబట్టి వెతకాలి.

చివరగా, బయటికి వెళ్ళే గుమ్మం ఎంత వెడల్పుందో చేరేముందే చూసుకోవాలి. మన ఊళ్ళలో సంఘం చేతిలో నిజంగా ఉండే రెండు తాళాలు పెళ్ళి ఉత్తరం, సమాధి స్థలం. అలిగి సంఘం మారినవాడి కూతురి పెళ్ళికి ‘మా సంఘ సభ్యురాలే, అభ్యంతరం లేదు’ అని పాత పాస్టరుగారు రాసివ్వకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్ళి చేయించే లైసెన్సు ప్రభుత్వం మనిషి పేరు మీద ఇస్తుంది, సంఘం పేరు మీద కాదు. కొత్త సంఘం పాస్టరుగారికి ఆ లైసెన్సు ఉందా అని అడిగి కాగితం చూడండి. లేకపోతే అదే చట్టం కింద మ్యారేజి రిజిస్ట్రారు దగ్గర చేసుకోవచ్చు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇచ్చి కూడా చేసుకోవచ్చు, దానికి ఏ సంఘం ఉత్తరమూ అక్కర్లేదు. సమాధి స్థలం సంగతి వేరు. అది ఏ ట్రస్టు పేరు మీద ఉందో, సంఘం వదిలినవాళ్ళకి హక్కు ఉంటుందో ఉండదో రాతలో అడిగి పెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నప్పుడే.